సినిమా హాల్లో బర్రె, సైకిల్ మీద మేము

నేను కొత్తకోడలిగా వరంగల్ వచ్చిన రోజుల్లో లోకం సంగతులన్నీ మా ఇంటికి చిరిగిపోయే వచ్చేవి. మామయ్యది కిరాణా దుకాణం. పొట్లాలు కట్టడానికి పాత పేపర్లు కట్టలకొద్దీ తెచ్చేవారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తమ్మ, ఆడబిడ్డ, నేను కూర్చుని వాటిని పొట్లాల కొలతకు చింపేవాళ్లం. చింపుతూ చదివేవాళ్లం. రాజకీయాలు మాకెందుకు? మాకు కావలసినవి వింతలు. ఏదో దేశంలో ఆదివారం బట్టలుతికితే జరిమానా అని నేను చదివితే, "గా దేశం పేరు జెప్పు పిల్లా, నేను గాడికే పోత" అంది అత్తమ్మ.

అయితే వార్త సరిగ్గా రుచి పుట్టే చోట చిరిగి, మిగతా సగం కుప్పలో కలిసిపోయేది. దానికి మా ఇంట్లో ఒక కట్టుబాటుండేది. చిరిగిన ముక్క ఎవరి చేతికొస్తే వాళ్లే మిగతా కథ చెప్పాలి. చెప్పలేకపోతే ఆ సాయంత్రం అంట్లు వాళ్లవే. అంట్ల భయం మనిషికి ఎంత తెలివినిస్తుందో నాకు అక్కడే తెలిసింది.

ఒకనాడు నా వంతు ముక్కలో బర్రె సంగతి వచ్చింది. ఏదో పట్నంలో అది సినిమా హాల్లోకి దూరి, చీకట్లో ఎవరికీ తెలియకుండా ఇంటర్వెల్ దాకా ఉందట. "లైట్లు వేసి చూడగా ఆ గేదె" అని ఉంది. అంతే, అక్కడ చిరిగింది.

"అవ్వో! దానికి టికెటు ఎవలు కొన్నరే?" అంది అత్తమ్మ.

"బాల్కనీల కూసున్నదా, నేల టికెట్లనా?" అంది ఆడబిడ్డ.

కడుపుబ్బ నవ్వడంతోనే సరిపోయింది, కథ తోచనే లేదు. అంట్లు నేనే తోమాను.

ఆ ముక్క వెనకవైపు ఇంకో వార్త ఉంది. సైకిల్ మీద ఇద్దరు పోరాదన్న నిబంధన ఎత్తేస్తున్నారట. ఏ ఊళ్లో, ఎప్పుడు అన్న భాగం చిరుగులో పోయింది. మా ఊళ్లో డబుల్స్ పోతే పోలీసు ఆపి టైర్లలో గాలి తీసేవాడు. అత్తమ్మ ఆ ముక్కను పొట్లం కానీయకుండా గూట్లో దాచింది.

"మన రూలు గూడ పోయినట్టే. పేపర్ల పడ్డది అబద్ధమైతదా?" అంది.

కొన్నాళ్లకు మా పుట్టినూరు రఘునాథపల్లి నుంచి మిర్చి అమ్మడానికి వచ్చినాయన కబురు తెచ్చాడు. మా అమ్మ ఊరివాళ్లతో తిరుపతి పోతోందట, రైలు ఆ మధ్యాహ్నమే మా స్టేషన్‌లో కాసేపు ఆగుతుందట. పెళ్లయ్యాక అమ్మను చూడనే లేదు. దుకాణంలో మిర్చి సీజన్ అయ్యేదాకా పుట్టింటి మాట ఎత్తొద్దని మామయ్య ముందే చెప్పారు. పిల్లనిచ్చిన ఇంటికి ఊరికే పోకూడదని అమ్మ పట్టుదల. అమ్మ ముఖం కోసం నా ప్రాణం కొట్టుకులాడిపోయింది. తీరా బయలుదేరితే పెళ్లిళ్ల రోజు, ఒక్క రిక్షా ఖాళీ లేదు.

అత్తమ్మ గూట్లోంచి ముక్క తీసి నా చేతిలో పెట్టింది. "సైకిల్ మీద పోండ్రి. ఎవడన్న ఆపితే గిది మొకాన కొట్టుండ్రి."

మా ఆయన తొక్కుతున్నాడు, నేను వెనక క్యారియర్ మీద. పట్టపగలు ఆయన చొక్కా పట్టుకోవడం అదే మొదలు. సిగ్గూ భయమూ నవ్వూ కలిసి వచ్చేశాయి. స్టేషన్ రోడ్డులో పోలీసు ఆపనే ఆపాడు.

"దిగుండ్రి. ఏం సేటు, డబుల్స్ ఎక్కిచ్చుకొని దర్జాగ పోతాన్నవ్?"

ఇద్దరం దిగాం. నేను ముక్క అందించాను. పోలీసు చదివాడు. "గిది ఏ ఊరిదో, ఏ కాలందో! మన ఊరి రూలు మనకుంటది" అని గాలి తీయడానికి వంగాడు. దూరంగా రైలు కూసింది. అతను కాగితాన్ని ఎడమచేతికి మార్చుకోబోతూ వెనకవైపు చూశాడు. చూసి, వంగినవాడు లేచి నిలబడ్డాడు.

"ఓరి! బర్రె సినిమాకు పోయిందా? లైట్లేసి చూస్తే ఆ బర్రె... ఏంజేసింది?"

పరాయి మగవాడి ముందు ఎన్నడూ పెదవి విప్పని నేను గడగడా చెప్పేశాను. "బొమ్మ మంచిగ లేదని లేచిందట సారూ. టికెట్ పైసలు వాపసియ్యుమని గేటుకాడ కూసున్నదట!"

పోలీసు టోపీ తీసి మరీ నవ్వాడు. "జనం జూస్తాన్రు. గా మలుపు దాక నడిచి, ఎక్కి పోండ్రి" అన్నాడు. ముక్క మాత్రం జేబులో వేసుకున్నాడు.

మేం పోయేసరికి రైలు ఆగి ఉంది. కిటికీ కిటికీ వెతుకుతూ పరుగెత్తితే అమ్మ కనబడింది. ఊచల్లోంచి నా చెయ్యి పట్టుకుంది.

"గిప్పుడా అచ్చుడు బిడ్డా? ఇగ రావనుకున్న."

ఎన్నో చెప్పాలనుకున్నాను. నోరు తెరిస్తే బర్రె వచ్చింది. సినిమా హాలు, సైకిల్, పోలీసు అన్నీ గబగబా చెబుతుంటే అమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. "లైట్లేసి చూస్తే ఆ బర్రె" అనేసరికి రైలు కదిలింది.

"ఏంజేసిందే?" అని అరిచింది అమ్మ.

పోలీసుకు చెప్పిన ముగింపు నాలుక మీదే ఉంది. చెప్పలేదు.

"అచ్చేటప్పుడు మా ఇంటికాడ దిగు, చెప్త!"

అమ్మ పట్టుదల తెలిసినదాన్ని, ఆశ పెట్టుకోలేదు. కానీ దిగింది! నున్నటి గుండుతో, లడ్డూల మూటతో గడపలో నిలబడి, కాళ్లకు నీళ్లియ్యకముందే అడిగింది.

"ఆ బర్రె ఏంజేసిందే?"

"కూసో అమ్మా, గది చిన్న కత కాదు."

అత్తమ్మ నావంక చూసి, నవ్వు ఆపుకుంటూ చాప పరిచింది. ఆ పూటకు బర్రెను ఇంటర్వెల్ దగ్గరే ఆపాను. మర్నాడు పొద్దున అమ్మ మూట సర్దుకోబోతుంటే, బర్రెను సెకండ్ షోకు కూడా కూర్చోబెట్టాను.