ఇసుర్రాయికి అవతలి వైపు

మా అత్త పోయిందన్న కబురు గురువారం పొద్దున ధర్మవరానికి వచ్చింది. తెచ్చినవాడు దానయ్య. పెనుకొండ నుంచి మొదటి బండికి వచ్చి, మా రైల్వే క్వార్టర్సు వాకిట్లో చెప్పులు విడిచి, తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆ విప్పిన తలగుడ్డ చూడగానే నాకు సంగతి అర్థమైంది.

"అమ్మ ప్రభువు దగ్గరికి పోయిందక్కా," అన్నాడు. "పొయ్యి కాడ కూకోనుండాది. ప్రార్థన చేసుకుంటాండాదని అనుకుంటిమి."

మా ఆయన లోపలి నుంచి వచ్చి ఆ మాట విన్నాడు. దానయ్య ముఖం వైపు చూడలేదు. వెనక్కి తిరిగి పోయి చొక్కా తొడుక్కున్నాడు. తిరుగు బండిలో ముగ్గురమూ పెనుకొండకు పోయాం. మా ఆయన ఒక కిటికీ దగ్గర, దానయ్య రైలుపెట్టె ఆ చివర తలుపు దగ్గర. వాళ్ళిద్దరికీ మాటలు లేక చాలా ఏళ్ళయింది. ఎందుకు లేవో చెప్పాలంటే మా అత్త ఎలాంటి మనిషో చెప్పాలి.

కోడలు అత్తను పొగిడితే ఎవరూ నమ్మరని నాకు తెలుసు. నేను హిందూపురం పిల్లను. పెళ్ళయి పెనుకొండకు వచ్చిన కొత్తలో ఆమెకూ నాకూ రోజూ ఏదో ఒక పేచీ. నేను చారులో బెల్లం వేస్తానని ఆమె బాధ, ఆమె కీర్తన ఎత్తుకుంటే రాగం ఎటో పోతుందని నా బాధ. చర్చిలో అందరికంటే అర చరణం ముందు పాడేది. ఆమెను అందుకోలేక మేమంతా ఆయాసపడేవాళ్ళం. పాస్టరు అయ్యగారు ఎన్నోసార్లు మెల్లగా చెప్పి చూశారు. "దేవునికి తొందరగా ఇనిపిస్తే ఏం తప్పయ్యగారూ," అనేది.

భోజనానికి ముందు ఆమె చేసే కృతజ్ఞత ప్రార్థన మాకు పెద్ద పరీక్ష. వాన పడితే స్తోత్రం. పోయిన సూది దొరికితే స్తోత్రం. పక్కింటి సాయబుల ఆవు ఈనితే స్తోత్రం. బస్సు దొరికితే సరే, దొరక్కపోయినా స్తోత్రమే. "చెట్టు కింద కూకోని నలుగురితో మాట్లాడే టైమిచ్చినావు తండ్రీ," అనేది. ఈలోపు సంగటి చల్లారిపోయేది. మా మరిది, అంటే ఆమె చిన్నకొడుకు, ఒక కన్ను తెరిచి నా వైపు చూసి నవ్వి, మధ్యలో గట్టిగా "ఆమేన్" అనేవాడు. ఆమె కళ్ళు తెరవకుండానే, "ఇంకా కాలేదు, గమ్మునుండు నాయనా," అనేది. మళ్ళీ మొదలుపెట్టేది.

మా సంఘంలో నెలకొక ఆదివారం ప్రభువు బల్ల, అంటే ప్రభువు పేరున అందరం రొట్టె పంచుకుని తినే ఆరాధన. తోటివాళ్ళ మీద కోపం పెట్టుకుని దాన్ని తినకూడదంటారు. ఆ బల్ల మీద పెట్టే రొట్టె చేసే పని ఆమెది. మా వైపు ఇళ్ళల్లో రాగులూ కొర్రలే కానీ గోధుమలు ఉండవు కనుక హిందూపురం పోయేవాళ్ళతో చెప్పి తెప్పించేది. శనివారం మధ్యాహ్నం వాటిని చేటలో పోసి, రాళ్ళు ఏరి, చాప పరిచి ఇసుర్రాయి దగ్గర కూర్చునేది. మా ఇసుర్రాయి పెద్దది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకుని తిప్పాలి. ఆ ఇద్దరూ ఎవరన్నది ఆమే తేల్చేది. సంఘంలో ఆ నెల మాటలు లేని ఇద్దరు ఆడవాళ్ళు ఎవరో కనుక్కుని, సరిగ్గా వాళ్ళకే కబురు పంపేది.

ఒకరి కోడి ఇంకొకరి ఎండబోసిన రాగులు తిన్నదని, కూతురి పెళ్ళికి పిలుపు రాలేదని, ఇలాంటివే గొడవలు. ముఖాలు ముడుచుకుని వచ్చేవాళ్ళు. చెరోవైపు చూస్తూ పిడి పట్టుకునేవాళ్ళు. ఎంత కోపం ఉన్నా ఒకరు లాగినప్పుడు ఇంకొకరు చెయ్యి వదులు చెయ్యాలి, లేకపోతే రాయి కదలదు. మా అత్త పక్కన కూర్చుని పిడికెడు పిడికెడు గోధుమలు పోస్తూ ఉండేది. ఒక్క బుద్ధిమాట చెప్పేది కాదు. చేట ఖాళీ అయ్యేలోపల ఇద్దరిలో ఎవరో ఒకరు తన మొగుణ్ణి తిట్టుకునేది, రెండో ఆమెకు నవ్వు వచ్చేది. అంతే. మరుసటి రోజు ఆ పిండితో చేసిన రొట్టె అందరం తినేవాళ్ళం.

"రాయి పని రాయి చేస్తాది, మధ్యలో మనం నోరు పెట్టకూడదు," అని నాకు చెప్పింది ఒకసారి. ఆమెకు ఉన్న దిగులల్లా మగవాళ్ళ గురించే. మగవాళ్ళు ఇసుర్రాయి ముట్టరు కదా. వాళ్ళ తగాదాలు ఏళ్ళ తరబడి అట్లాగే ఉండిపోయేవి. "మొగోళ్ళకూ ఒక రాయి ఉండుంటే ఎంత బాగుండు," అనేది.

నా పెళ్ళయిన కొన్నేళ్ళకు ఒక ఏడు వానలు బాగా పడ్డాయి. బుక్కపట్నం చెరువు నిండి మరవ పారుతోందని, అంటే నీళ్ళు కట్ట చివర పొర్లి పోతున్నాయని, ఊరూరా చెప్పుకున్నారు. వరసగా కరువులు చూసిన కళ్ళకు అంతకంటే పండుగ ఏముంటుంది. జనం బండ్లు కట్టుకుని, బస్సుల మీద ఎక్కి చూడ్డానికి పోయారు. మా మరిది, దానయ్య కూడా పోయారు. దానయ్య మా వీధిలోనే ఉండే సుందరమ్మ కొడుకు. సుందరమ్మ మా అత్తకు చిన్ననాటి నుంచి స్నేహితురాలు, ఆమెను వదినా అని పిలిచేది. పిల్లలిద్దరూ ఒక ఇంట్లో తిని ఇంకో ఇంట్లో పడుకుని పెరిగినవాళ్ళు.

దానయ్యకు ఈత బాగా వచ్చు. ముందు నీళ్ళలోకి దిగి, "ఏం కాదు, రారా," అని పిలిచాడు. మా మరిది దిగాడు. సాయంత్రానికి దానయ్య ఒక్కడే తిరిగివచ్చాడు.

మా ఆయన పోయి, నీళ్ళల్లోంచి తీసిన తమ్ముణ్ణి ఇంటికి తెచ్చాడు. ఆ రోజు నుంచి దానయ్య ముఖం చూడలేదు. దానయ్య హిందూపురంలో మేనమామ దగ్గరికి వెళ్ళిపోయాడు. సుందరమ్మ చర్చికి రావడం మానేసింది, మా ఇంటి ముందు నుంచి కూడా నడిచేది కాదు. మా ఇంట్లో భోజనం ముందు ప్రార్థన చిన్నదైపోయింది. మధ్యలో ఆమేన్ అనేవాళ్ళు లేరు.

ఆ నెల శనివారం మా అత్త ఎవరినీ పిలవలేదు. చాప పరిచి, ఇసుర్రాయి ముందు ఒంటరిగా కూర్చుని తిప్పడం మొదలుపెట్టింది. ఒక్క మనిషికి అది అంత సులువుగా కదిలే రాయి కాదు. నాకు చూడబుద్ధి కాక ఎదురుగా పోయి కూర్చున్నాను.

"నువ్వు లెయ్యి," అంది. "నీకూ నాకూ ఏం పోట్లాట ఉండాది?"

లేచాను. అవతలి వైపు ఖాళీగానే ఉంది. ఆ వైపు ఎవరు కూర్చోవాలో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఎట్లాగో పిండి చేసింది, రొట్టె కాల్చింది, గుడ్డలో చుట్టి చర్చికి తెచ్చింది. అందరూ లేచి బల్ల దగ్గరికి పోయినప్పుడు మాత్రం తాను చాప మీద నుంచి లేవలేదు. తన చేత్తో చేసిన రొట్టె తాను తినలేదు. తరువాతి నెలా అంతే. ఆ తరువాతి నెలా అంతే. అయ్యగారు ఇంటికి వచ్చి, "అమ్మా, మీ దుఃఖం దేవునికి తెలుసు. మీరు బల్ల దగ్గరికి రావచ్చు," అన్నారు.

"ఊర్లో ఆడోళ్ళందరినీ ఈ రాయి కాడ కూకోబెట్టినాను అయ్యగారూ. నా వంతు వచ్చినప్పుడు నేను తప్పించుకుంటే ఎట్ల?" అంది. చేట అందుకుని, "ఇంకా కాలేదు," అంది.

నేను లోపల అనుకునేదాన్ని, ఇది అయ్యే పని కాదని. కన్నకొడుకు పోయిన తల్లిని ఏ దేవుడు మాత్రం అంత అడుగుతాడు? ఆమె ఏం చేసిందో అది మాత్రం చూశాను.

కోత పండుగ ముందు శనివారం. చెనక్కాయలు పీకి ఇళ్ళకు చేర్చిన రోజులు. మా అత్త రాయి ముందు కూర్చుంది. రెండు చుట్లు తిప్పి ఆపింది. చేతులకు పిండి అంటుకుని ఉండగానే లేచి వీధిలోకి నడిచింది. నేను వెనకాలే పోయాను. సుందరమ్మ వాకిట్లో కాయలు ఒలుస్తోంది. మా అత్తను చూసి లేచి, లోపలికి పోబోయి, గడప మీదే ఆగిపోయింది.

"ఏమ్మే సుందరమ్మా, పిండి ఇసరాల. రా," అంది మా అత్త.

"నన్నా వదినా? నా కొడుకు పిలవకపోయింటే..."

"పిలిచినాడు. నా కొడుకు పోయినాడు. నాకు ఇంకా కోపముండాది సుందరమ్మా, లేదని అబద్ధం చెప్పను. అది పొయ్యేవరకు ఆగుదామని చూస్తి. అది పోయేట్టు లేదు. కోపంతోనే పిలుస్తాండా. నువ్వు ఎట్లుంటే అట్లనే రా."

క్షమించడమంటే మనసంతా కడిగినట్టు అయిపోవడమని అంతకుముందు అనుకునేదాన్ని. ఈమె కోపాన్ని దాచకుండా, దాన్ని వెంటబెట్టుకునే వచ్చి పిలుస్తోంది. సుందరమ్మ చేతులు దులుపుకుని, కొంగు తల మీదికి లాక్కుని, మా వెనక నడిచి వచ్చింది.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. గోధుమలు పోసే పని నాది. మొదట్లో రాయి కుదుపుతూ ఆగుతూ తిరిగింది. చేటలో సగం గోధుమలు అయ్యాయి. అప్పుడు సుందరమ్మ తల ఎత్తకుండా అడిగింది.

"ఆ పొద్దు ఏం తిని పోయినాడు వదినా?"

"సంగటి, చెనక్కాయల ఊరిబిండి. ఇంకొక ముద్ద ఎయ్యమన్నాడు. ఏసినాను."

"కడుపు నిండా తిన్నాడులే అయితే," అని సుందరమ్మ ఏడ్చేసింది. మా అత్త కూడా ఏడ్చింది. కొడుకు పోయినాక ఆమె అట్లా గొంతెత్తి ఏడవడం అదే మొదలు. ఇద్దరూ పిడి వదల్లేదు. కాసేపటికి మా అత్తే, "ఏమ్మే, ఈ రొట్టెకు ఉప్పు ఎయ్యకూడదు. కండ్లు తుడుచుకో," అంది. సుందరమ్మ ఏడుస్తూనే నవ్వింది.

మరుసటి రోజు ఇద్దరూ పక్కపక్కనే బల్ల దగ్గరికి పోయారు. కీర్తన మళ్ళీ అర చరణం ముందు పరుగెత్తింది. ఈసారి ఎవరూ ఆయాసపడలేదు, అందరమూ ఆమె వెంటే పాడాం. మధ్యాహ్నం మా ఇంట్లో ప్రార్థన పొడుగ్గా సాగి సంగటి చల్లారింది. అంత మంచి భోజనం నేను మళ్ళీ తినలేదు.

ఆమె చెప్పి పంపితేనే దానయ్య పెనుకొండకు తిరిగివచ్చాడు. మొదటి రోజు వాకిట్లోనే నిలబడిపోతే, "లోపలికి రా. ఊరిబిండి చేసినాను," అని పిలిచింది. ఆ తరువాత నెలనెలా హిందూపురం నుంచి గోధుమలు తెచ్చే పని అతనిదే అయింది. మా ఆయనకు ఇది మింగుడుపడలేదు. ధర్మవరానికి బదిలీ పెట్టుకున్నాడు. పండుగలకు పోయినప్పుడు దానయ్య ఇంట్లో ఉంటే ఈయన వీధి అరుగు మీదే కూర్చునేవాడు. ఆమె ప్రార్థనలో "నా ఇద్దరు కొడుకులనూ కాపాడు తండ్రీ," అనేది. ఆ మాట వినగానే ఈయన లేచి పోయేవాడు. ఆమె ఒక్కసారీ బలవంతపెట్టలేదు. నేనే ఉండబట్టలేక అడిగాను, మీరైనా చెప్పకూడదా అత్తా అని.

"నేను తోస్తే వచ్చేది కాదమ్మా అది. నన్ను ఎవరు తోసిరి?" అంది.

శుక్రవారం ఆమెను కోటకొండ కింద సమాధుల దొడ్డిలో ఉంచి వచ్చాం. శవపెట్టెను ముందు వైపు ఒక భుజం మీద మా ఆయన, ఇంకో భుజం మీద దానయ్య మోశారు. దించాక చెరోదారిన ఇంటికి వచ్చారు.

శనివారం మధ్యాహ్నం అయ్యగారు వచ్చారు. మరుసటి రోజు ప్రభువు బల్ల. "ఈసారికి హిందూపురం నుంచి రొట్టె తెప్పిద్దాంలే," అన్నారు. నేను వంటింట్లోకి పోయి చూస్తే గోధుమలు చేటలో ఏరి, పైన గుడ్డ కప్పి ఉన్నాయి. పోయేముందు ఆమె చేసిన ఆఖరి పని అదే అయివుంటుంది. చేట తెచ్చి, చాప పరిచి ఇసుర్రాయి ముందు కూర్చున్నాను. సుందరమ్మ ఎదురుగా కూర్చోబోయింది కానీ, కీళ్ళ వాతంతో ఆమె వేళ్ళు పిడి చుట్టూ ముడుచుకోవడం లేదు.

తల ఎత్తితే గడపలో మా ఆయన. రాయినే చూస్తున్నాడు. పెరట్లో దానయ్య, సమాధి తవ్విన పార మట్టి కడుగుతున్నాడు.

"దానయ్యా," అని పిలిచాడు మా ఆయన. "లోపలికి రా. పిండి ఇసరాల."

దానయ్య పార గోడకు ఆనించి, చేతులు పంచెకు తుడుచుకుని వచ్చాడు. నేను లేచాను. ఇద్దరూ చెరోవైపు బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు. మగవాళ్ళకు రాయి తిప్పడం ఏం తెలుసు! ఇద్దరూ ఒకేసారి లాగారు. రాయి కదల్లేదు.

"ఒకరు లాగితే ఒకరు వదలండప్పా," అంది సుందరమ్మ.

నేను పిడికెడు గోధుమలు పోశాను. రాయి కుదుపుతూ ఒక చుట్టు తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. బరక పిండి చాప మీద రాలడం మొదలైంది. దానయ్య చెయ్యి మీద మా ఆయన చెయ్యి. చేటలో గోధుమలు అయిపోయాయి. ఉత్త రాయి తిప్పకూడదు, రాళ్ళు అరిగిపోతాయి, ఆ సంగతి ఆడవాళ్ళం మాకు తెలుసు. నేను చెప్పలేదు. సుందరమ్మా చెప్పలేదు. రాయి తిరుగుతూనే ఉంది.