నా మిద్దె, మామ చౌడు

వాన కోసం ఊరంతా మొక్కే బెళుగుప్ప పక్క పల్లెలో, వాన పడినందుకు ఏడ్చిన మనిషిని నేనొక్కడినే. ఆ విపత్తు చెబుతాను. నవ్వితే నవ్వండి, నవ్వినవాళ్లను మాత్రం గుర్తుపెట్టుకుంటాను.

మా పెళ్లి విందులో మామ నాకు రెండో ఓళిగ, అదే బొబ్బట్టు, వడ్డించనివ్వలేదు. "అల్లుడికి అరగదులే," అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ అరగలేదు.

ఆ ఎండాకాలం మా మట్టి మిద్దె మీద కొత్తగా చౌడు పరచాల్సి వచ్చింది. చౌడంటే నీళ్లను కిందికి దిగనివ్వని మన్ను. మంచిది దొరికితే ఇంటికి గొడుగే. సాయానికొచ్చిన మామ వంక పక్కన ఒకచోట పార దించాడు.

"ఈడ తవ్వప్పా. ఆ పక్కకు పోవద్దు, ఆడ ఇసక కలిసిండాది."

"రెండూ తెల్లగానే ఉండాయి కదా మామా."

"తెల్లగా ఉండేదంతా పాలా?"

"నాలుగడుగులకే మన్ను మారిపోతాదా?"

"ఒక కడుపున పుట్టినోళ్లే ఒక తీరుగా ఉండరు. మన్ను ఉంటాదా?"

నాకు ఓళిగ గుర్తొచ్చింది. పంతం పట్టి ఆ పక్కనే తవ్వి బండి నింపాను. మామ తన గుంతలో తను తవ్వుకుంటూనే ఉన్నాడు. చాదస్తం అనుకున్నాను.

మిద్దె పూర్తయ్యాక ఆయన్ను భోజనానికి పిలిచాను. ఆయన నోటితో "మిద్దె బాగుండాది" అనిపించాలి, అంతే. నా భార్య రమణమ్మ ఓళిగలు చేసింది. విస్తళ్ల ముందు కూర్చున్నామో లేదో, వాన.

మొదటి చుక్క నా పప్పులో పడింది. పప్పు గట్టిగా ఉందిలే, మంచిదే అనుకున్నాను. తర్వాత ఇల్లంతా జల్లెడ కింద కాపురమే. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. మేము వాసానికెన్ని ధారలో లెక్కపెట్టాం.

రమణమ్మ చెంబులు, తపేలాలు, చివరికి నా హెల్మెట్ కూడా ధారల కింద పెట్టింది. "ఏమయ్యా, బయట కూర్చుంటే ఇంతకంటే తక్కువ తడుస్తామేమో," అంది.

"తప్పు వానది. ఇన్నాళ్లు రానిది ఈ పొద్దే రావాల్నా?" అన్నాను.

మామ మాత్రం మూలన పొడిగా కూర్చుని ఓళిగ మీద ఓళిగ తింటున్నాడు.

"నీ మీద చుక్క పడలేదేం మామా?"

"నువ్వు నీళ్లు తాగను మిద్దె దిగినప్పుడు ఈ మూలకు నా గుంతలోని చౌడు పోసినా. ఎప్పుడో ఒకనాడు ఈడ కూర్చొని తినాల్సినోణ్ణి కదప్పా. రా, ఇట్లా జరుగు."

సగం ఆయన తొడ మీద కూర్చున్నాను. పళ్లెంలో తడవని ఓళిగ ఒక్కటే మిగిలింది. చెయ్యి చాపాను.

"అల్లుడికి అరగదులే," అని అదీ ఆయనే తిన్నాడు.

కారుతున్న మిద్దె సాక్షిగా ఆనాడే ప్రమాణం చేశాను: ఇకమీదట చెంబెడు నీళ్లు పోసి చూడకుండా ఏ మన్నునూ మిద్దె ఎక్కించను. మామను మాత్రం క్షమించను. ఇప్పటికి రెండు ఓళిగలయ్యాయి.