ఆ వేసవి పిచ్ తడపలేదు

నా చిన్నప్పుడు మా ఊరి క్రికెట్ స్టేడియం గురించి ఏం తెలుసుకోవాలన్నా అందరూ మా తాత దగ్గరికే వచ్చేవారు. కాపలా కాసేది, గడ్డి కోసేది, రోలర్ లాగించేది అన్నీ ఆయనే. ఒకప్పుడు అది పీకిన వేరుశనగ కట్టె ఆరబెట్టుకునే బీడట. ఊరి పెద్దలు కమిటీ వేసుకుని చుట్టూ గోడ కట్టించారు. పడమటి వైపు బండరాళ్లతో మెట్లు పేర్పించారు. చెరువులోని నల్లమట్టిని ఎద్దులబండ్ల మీద తెప్పించి పిచ్ వేయించారు. అక్కడ మొదటి సెంచరీ కొట్టిన బెంగళూరు ఆటగాడు, హ్యాట్రిక్ తీసిన మా ఊరి పోస్టుమ్యాన్, రైలు కట్ట మీద పడిన సిక్సరు, ఇవన్నీ తాత ఒక లావుపాటి పుస్తకంలో వంకర అక్షరాలతో రాసిపెట్టుకునేవాడు. కానీ ఆయన గొప్పగా చెప్పుకునే రికార్డు వేరే ఉండేది.

"ఈడ ఒప్పుకున్న ఆట ఇంతవరకూ ఒక్కటీ ఆగిపోలా," అనేవాడు.

ఆ మాట నాకు పాఠంలా నోటికి వచ్చేసింది.

ఎనభైల మొదట్లో వరుసగా రెండేళ్లు వానలు పడలేదు. ఊళ్లో చేతిపంపులు గాలి కక్కాయి. సోమందేపల్లె వైపు నుంచి వచ్చే నీళ్ల ట్యాంకరు ఒకరోజు వస్తే నాలుగు రోజులు రాదు. స్టేడియం గోడ లోపలి బావిలో మాత్రం అడుగున కాసిన్ని నీళ్లు ఊరేవి. ఆ వేసవిలోనే జిల్లాల పోటీ మా మైదానంలో పెడతామని కమిటీ ఒప్పుకుంది. అప్పటికి అదే మా ఊరికి దక్కిన పెద్ద ఆట. పిచ్ రోజూ తడపకపోతే నల్లమట్టి నెర్రెలిస్తుంది. అందుకని తాత గేటుకు తాళం వేశాడు. ఆడవాళ్లు బిందెలతో వచ్చి అడిగితే తల వంచుకుని కాదనేవాడు.

ఒక మధ్యాహ్నం నేను సంగటి తీసుకుపోయాను. నాకప్పుడు పదకొండేళ్లు. తాత తిని, కమిటీవాళ్లు పిలిచారని పోతూ తాళంచెవి నా చేతికిచ్చాడు. కాసేపటికి మా పక్కింటి అక్క వచ్చింది. వాళ్లది చీరలు నేసే ఇల్లు. అక్కా, వాళ్లాయనా గుంటమగ్గం మీద మార్చి మార్చి కూర్చునేవాళ్లు. మూడు నెలల బిడ్డను అత్త దగ్గర వదిలి వచ్చింది.

"పాపా, ఒక్క బిందె తోడుకోనీవే. ఇంట్లో చుక్క ల్యా. బిడ్డకు పాలు గూడా చాల్తాల్యా," అంది.

"ఇవి పిచ్‌కి అక్కా. యాడన్నా చూసుకోపో," అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. "ఈడ ఒక్క ఆట గూడా ఆగిపోలా, తెల్సా?" అని కూడా అన్నాను.

అక్క ఖాళీ బిందె చంకనెత్తుకుంది. ఎండలో నడుచుకుంటూ ఊరవతలి తోట బావికి పోయింది. మెట్లు పాతవి. నీళ్లు ఎక్కడో అడుగున ఉన్నాయి. నిండు బిందెతో పైకి ఎక్కుతుంటే రాయి కదిలి కిందికి జారిపడింది. మేకలవాళ్లు కేక విని పైకి తీసుకొచ్చారు. తుంటి ఎముక విరిగింది.

సాయంత్రం తాత కబురు తెలిసి స్టేడియానికి పరుగున వచ్చాడు.

"ఆ పక్కింటి బిడ్డ ఈడికొచ్చిందా మే?"

"వచ్చింది."

"ఏమన్నావు?"

చెప్పాను. ఒక్క మాట కూడా దాచలేదు, దాచాలని నాకు తోచనే లేదు. తాత కొడతాడనుకున్నాను. ఆయన గోడకు ఆనుకుని కింద కూలబడ్డాడు. "నీకాడ తప్పు ల్యా. అవి నా మాటలే," అన్నాడు. లేచి, గేటు రెండు రెక్కలూ బార్లా తీసి, వీధిలోకి పోయి ఒక్కో ఇంటి ముందూ నిలబడి బిందెలు తెచ్చుకోమని పిలిచాడు.

వారం తిరగకుండా పిచ్ నెర్రెలిచ్చింది. కమిటీ పెద్దమనిషి వచ్చి చూసి మండిపడ్డాడు.

"ఏమప్పా, బుద్ధుండాదా నీకు? ఇంగ ఆట యాడ జరుగుతాది?"

"జరగదు సార్. నేనే ఆపినా," అన్నాడు తాత.

పోటీ వేరే ఊరికి పోయింది. తాత పని పోయింది. ఆ బావి నీళ్లు తాగినవాళ్లలోనే కొందరు, వానలు పడ్డాక, ముసలాయన వల్ల పెద్దాట పోయిందని టీ బంకుల దగ్గర ఆడిపోసుకున్నారు. తాత ఆ మాటలు వింటూనే వాళ్ల ముందు నుంచి నడిచిపోయేవాడు.

అక్క మళ్లీ మగ్గం గుంటలో కాలు పెట్టలేకపోయింది. కుంటుతూనే బిడ్డను పెంచింది, అరుగు మీద కూర్చుని నూలు కండెలు చుట్టింది. తాత నన్ను రోజూ ఆమె దగ్గరికి తీసుకుపోయేవాడు. క్షమించమని అడగమని ఎన్నడూ అనలేదు, నీళ్ల బిందె మాత్రం నా చేత మోయించేవాడు. నా పెళ్లికి అక్క వచ్చి అక్షింతలు వేసింది. ఎప్పుడూ ఆ మధ్యాహ్నం ఊసెత్తలేదు. ఎత్తి ఉంటే, నాలుగు తిట్టి ఉంటే, నాకు కొంత బరువు దిగేదేమో.

పెద్దయ్యాక నాకు ఒక ఆసుపత్రిలో చీటీలు రాసే ఉద్యోగం వచ్చింది. వేళ మించిపోయిందని రోజూ ఎవరో ఒకరిని వెనక్కి పంపాల్సిన పని అది. ముప్పై ఏళ్లు చేశాను. కాదనాల్సి వచ్చిన ప్రతిసారీ ముందు తలెత్తి ఎదుటి మనిషి ముఖం చూసేదాన్ని. ఆ రోజు అక్క ఎలా ఉందో, కళ్లలో నీళ్లు తిరిగాయో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను చూడలేదు.