ఉత్తుత్తి మాత్రలు

మా పిన్ని మందుల కంపెనీలో మందు లేని మాత్రలు చేస్తుంది. అక్కడ అందరూ ఆమెను ఉత్తుత్తమ్మ అంటారు. ఆ పేరు వింటే నాకు ఒళ్లు మండేది, పిన్నికి మాత్రం నవ్వొచ్చేది.

ఊపిరితిత్తులను పట్టే ఒక వైరస్‌కి వాళ్ల కంపెనీ మింగే మందు తయారుచేస్తోంది. అది నిజంగా పనిచేస్తుందో లేదో తేలాలంటే జబ్బుపడ్డవాళ్లలో సగం మందికి అసలు మాత్ర, మిగతావాళ్లకి ఉత్తుత్తిది ఇవ్వాలి. ఎవరికి ఏది పడిందో రోగికీ, డాక్టరుకీ తెలియకూడదు. వచ్చిన చిక్కల్లా, అసలు మాత్ర చచ్చే చేదు. ఉత్తుత్తిదేమో సుద్దముక్కలా చప్పన. నాలుక మీద పడగానే గుట్టు రట్టయ్యేది.

ఉత్తుత్తిదానికీ అదే చేదు తేవాలని పిన్ని దాని వెంట పడింది. ఇంటికొచ్చినా అదే ధ్యాస. చక్కెర లేని కాఫీ తాగుతూ, "ఈ చేదు నాలుక మీదే ఆగిపోతోందే, గొంతు దాకా పోవాలి" అనేది. బాబాయి దణ్ణం పెట్టి పక్కగదిలోకి పోయేవాడు. ఎట్టకేలకు చేదు కుదిరింది. కంపెనీలో రుచి చూసేవాళ్లంతా రెండూ నాలుకకి తాకించి తెల్లమొహం వేశారట. ఆ రోజు పిన్నిని పట్టలేకపోయాం.

కొన్నాళ్లకి ఆ వైరస్ మా అమ్మకే సోకింది. అసలే ఉబ్బసం మనిషి. ఇది ఊపిరితిత్తుల్లోకి దిగితే తట్టుకోలేదని డాక్టరు నా మొహానే చెప్పాడు. వేరే మందు లేదు, పిన్ని వాళ్ల కంపెనీ మందు పరీక్షలో చేరితే ఈ మాత్రలు ఇస్తామన్నాడు. అమ్మ సంతకం పెట్టేసింది.

పిన్ని పరుగున వచ్చింది. అమ్మ చేతిలోని మాత్ర లాక్కుని పిన్నికిచ్చాను.

"ఇది ఉత్తుత్తిదైతే అసలుది తెచ్చిపెట్టు పిన్నీ. దొంగతనమైనా సరే."

"తెస్తానే," అంది పిన్ని. మాటవరసకి అన్నది కాదు.

కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూసింది. గోటితో అంచు గీకింది. మాస్కు దించి నాలుకకి తాకించి, కళ్లు మూసుకుంది.

"తెలీట్లేదక్కా."

"నువ్వే కదా చేసేది!" అని అరిచాను.

"అందుకే తెలీట్లేదు," అని కూలబడి ఏడ్చింది. పిన్ని ఏడవడం నేను చూసింది అదే మొదలు. నాకు ఆమె మీద కోపం, జాలి రెండూ ఒక్కసారే వచ్చాయి.

అమ్మ దగ్గుతూనే చెయ్యి చాచింది. "ఇలా తే. నీ ఎంగిలి నాకు కొత్తా?" మాత్ర మింగి మొహం వికారంగా పెట్టింది. "అబ్బ, ఏం చేదే తల్లీ!"

జ్వరం ముదిరి అమ్మ ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉండాల్సి వచ్చింది. చచ్చి బతికింది. ఏడాది చివర ఫలితాలు వచ్చాయి. మందు బాగా పనిచేస్తుందట. అమ్మకి పడింది మాత్రం ఉత్తుత్తిదట.

ఆ సాయంత్రం పిన్ని వచ్చి గుమ్మం బయటే నిలబడిపోయింది. అమ్మ లోపలి నుంచి కేకేసింది.

"ఆ దొంగమొహం ఏంటే? బతికే ఉన్నానుగా, లోపలికి రా."

పిన్ని గుమ్మం దాటడానికి చాలాసేపు పట్టింది.