బొటనవేలి దగ్గర చిల్లు

ఆబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్స్‌కి నేను ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌ని. కింద బట్టల షాపులు, చెప్పుల షాపులు, పైన ఆఫీసులు. నా కింద పనిచేసే ఎలక్ట్రీషియన్ ఒక్కడే. వయసులో నాకంటే పెద్దవాడు, నాంపల్లి నుంచి నడిచొస్తాడు. ఆయన్ని నేను అన్నా అంటాను, ఆయన నన్ను మేడం అంటాడు.

మెయిన్ స్విచ్ ఆపినా మీటరు వైపు నుంచి వచ్చే తీగల్లో కరెంటు ఉండనే ఉంటుంది. అందుకే ఆ స్విచ్ ఉండే ప్యానెల్ తలుపు తీయాలంటే చేతులకు రబ్బరు గ్లౌజులు ఉండాల్సిందే. తొడుక్కునే ముందు అన్న వాటి మూతిని గట్టిగా చుట్టుకుంటూ వస్తాడు. లోపల చిక్కిన గాలికి వేళ్లు ఉబ్బుతాయి. అప్పుడు చెంప దగ్గర పెట్టుకుని నొక్కి చూస్తాడు. వేసవిలో ఒకరోజు అలాగే నొక్కి చూసి, గ్లౌజు నా చేతికిచ్చాడు. నేనూ నొక్కాను. బొటనవేలి మొదట్లోంచి సన్నగా గాలి తగిలింది.

ఏ సామాను కొనాలన్నా కాంప్లెక్స్ మేనేజరే కొనాలి, వెంటనే ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన గ్లౌజు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గింత చిల్లుకు కొత్తవి ఏంది మేడం? జర టేపు సుట్టుకోండ్రి."

టేపు కరెంటుని ఆపదని చెప్పాను. చూద్దామన్నాడు. ఆ చూద్దాం వేసవంతా సాగింది, అదృష్టం కొద్దీ ప్యానెల్ తెరిచే పని పడలేదు. పాత జతను నేను పక్కన పడేస్తే, మర్నాటికి మళ్లీ ప్యానెల్ గదిలో మేకుకు వేలాడేది. తీసేయడం నా పని, తగిలించడం మేనేజర్ పని అయిపోయింది. ఒకసారి కోఠి నుంచి మందపాటి నారింజరంగు గ్లౌజులు తెప్పించాడు. అవి యాసిడ్‌తో నేల కడిగేవాళ్లు వాడేవి. ఎంత వోల్టేజీని తట్టుకుంటాయో అంచు మీద ముద్ర లేదని చూపిస్తే, రబ్బరు రబ్బరే కదా అన్నాడు. వాటిని ఆయన బల్ల మీదే వదిలేసి వచ్చాను.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం మొదటి అంతస్తుకి సప్లై పోయింది. ప్యానెల్ లోపల కాలిన వాసన. షాపులవాళ్లు మెట్ల మీద గుమిగూడి మమ్మల్నే తిడుతున్నారు. మేనేజర్ వచ్చి, మేకుకున్న పాత జత తీసి అన్న ముందు పట్టాడు.

"ఒక్కసారికి ఏం గాదులే. ఏస్కో."

అన్న చేతులు చాపలేదు, వెనక్కీ తీసుకోలేదు. నా వైపు చూశాడు. ఆయన ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలున్నారు, ఈ ఉద్యోగం పోతే కష్టం. కాదని ఆయన చేత అనిపించడం నాకు ఇష్టం లేకపోయింది. టేపు కోసే కత్తెర బల్ల మీదే ఉంది. మేనేజర్ చేతిలోంచి గ్లౌజులు తీసుకుని, పది వేళ్లూ కత్తిరించి కింద పడేశాను.

మేనేజర్ ముఖం ఎర్రబడింది. ఓనర్‌కి చెప్తానన్నాడు. చెప్పండి, ఎందుకు కోశానో కూడా చెప్పండి అన్నాను.

అప్పటిదాకా నన్ను తిట్టిన చెప్పుల షాపాయన కిందపడ్డ గ్లౌజు వేళ్లను చూసి, సంగతేమిటని అన్నని అడిగాడు. విన్నాక మేనేజర్ వైపు తిరిగాడు.

"ఆయన పానం బోతే ఎవరు జవాబు? నువ్వే వోయి కొత్తవి తీస్కరా."

మేనేజర్ వానలోనే, కరెంటు సామాన్లు అమ్మే ట్రూప్ బజార్‌కి వెళ్లాడు. ఈసారి ముద్ర, పరీక్ష చేసిన తేదీ ఉన్న సరైన జతే తెచ్చాడు. కానీ చిన్న సైజు. అన్న వేళ్లు సగం దాకా కూడా దూరలేదు. నాకు సరిపోయాయి. గాలి పట్టి చూసి, తొడుక్కుని, అన్న పక్కన నిలబడి చెబుతుంటే నేనే ప్యానెల్ తెరిచాను. కాలిన తీగ మార్చి, సాయంత్రానికి సప్లై ఇచ్చాం. లైట్లు వెలగగానే షాపులవాళ్లు ఎవరి బేరాలకి వాళ్లు వెళ్లిపోయారు.

మర్నాడు పెద్ద సైజు కావాలని అడగడానికి వెళ్లాను. మేనేజర్ తలెత్తకుండానే, నిన్ననే తెచ్చాను కదా అన్నాడు. అన్న చేతికి సరిపోయే జత రావడానికి దసరా దాటింది. అందాకా ప్యానెల్ పనులన్నీ నేనే చేశాను.