రోజూ వెళ్లిపోయే దేవీప్రసాద్

దేవీప్రసాద్ రోజూ పొద్దున్నే మా ఊరి నుంచి శాశ్వతంగా వెళ్లిపోయేవాడు. సంచి భుజాన వేసుకుని, ఇరవై రెండు గడపలూ తొక్కి, అందరి దగ్గరా సెలవు తీసుకునేవాడు. మధ్యాహ్నానికి ఎవరి తోటలోనో కాఫీ పళ్లు కోస్తూనో, మిరియాల తీగలు ఎక్కిస్తూనో కనిపించేవాడు.

విజయనగరం కుర్రాడు. ఇంటర్ పాసయ్యాక యూనివర్సిటీకి ముందు ఏడాదిపాటు ఊళ్లు తిరిగి పనులు నేర్చుకుంటానని వాళ్ల నాన్నను ఒప్పించాడట. డిసెంబరులో మా ఊరొచ్చినప్పుడు, అరకులో మా దగ్గర రెండు రోజులు, ఆపైన సీతంపేట, రాజవొమ్మంగి అని కాగితం మీద రాసుకొచ్చాడు. ఆ రెండు రోజులు ఏడు నెలలయ్యాయి.

మొదటి వారమంతా మా ఆవిడ స్వర్ణ దారిలో తినమని చోడి రొట్టె, అదే రాగి రొట్టె, కట్టి ఇచ్చింది. రెండో వారం, "ముందు బస్సెక్కు బాబూ, అప్పుడు సూద్దాం" అంది. నేను మాత్రం అతని ప్రయాణం క్షేమంగా సాగాలని రోజూ ప్రార్థించాను. ప్రభువు ఓపిక గలవాడు.

"ఏటయింది బాబూ?" అని మధ్యాహ్నం కనిపించినప్పుడు అడిగేవాణ్ని.

"బస్సు తప్పిపోయింది మావయ్యా."

"బస్సు పదింటికి. నువ్వు బయల్దేరింది అయిదింటికి."

"అందరికీ చెప్పి రావద్దా మరి?"

చివరింటి సోములమ్మ గురించే నాకు దిగులు. కంట్లో రోజూ చుక్కలు వేయకపోతే ఉన్న చూపూ పోతుందని ఆసుపత్రిలో చెప్పారు. ఆవిడకు చేతులు వణుకుతాయి. నేను వేస్తానని వెళితే, "నానేటి ముష్టెత్తుకుంతన్నానా? పో" అని తలుపేసింది.

ఒకనాడు జీపు దొరికితే, ఇవాళైనా అతన్ని సాగనంపుదామని వెతుక్కుంటూ వెళ్లాను. సోములమ్మ గుమ్మంలో సంచితో నిలబడి ఉన్నాడు.

"వెళ్లొస్తాను అమ్మమ్మా. పోయేముందు చుక్కలు వేసి పోతాను."

మా కొండల్లో ప్రయాణమై గుమ్మంలో నిలబడ్డవాడి మాట ఎవరూ కాదనరు. ఆవిడ తల వెనక్కి వాల్చింది.

"ఎయ్యి. నిన్నా ఇదే సెప్పినావు."

"నిన్న బస్సు తప్పిపోయింది."

"రేపూ తప్పిపోతాదేటి?"

"ఆ డ్రైవరు నాకోసం ఆగడు అమ్మమ్మా."

జీపును వెనక్కి పంపేశాను.

జూలైలో యూనివర్సిటీ నుంచి కబురొచ్చింది. సోమవారంలోగా చేరకపోతే సీటు పోతుంది. ఆదివారం సెలవు తీసుకోవడానికి మా ఇంటికొచ్చాడు. స్వర్ణ తలెత్తకుండానే, "మజ్జేనం కూర ఏటి సెయ్యమంతావు?" అంది.

అతను నన్ను పక్కకు పిలిచాడు.

"మావయ్యా, ఒక్క సాయం చెయ్యాలి. రేపట్నుంచి పొద్దున్నే మీరు ప్రయాణం కట్టాలి. సంచి భుజాన వేసుకుని సోములమ్మ అమ్మమ్మ దగ్గర సెలవు తీసుకోవాలి."

"నాను అబద్దమాడలేను బాబూ."

"అబద్ధమెందుకు? నిజంగానే బయల్దేరండి. బస్సు మాత్రం పోనివ్వండి."