గుట్టకూ చెలకకూ నడుమ రేగు

మా బాటనీ మేడమ్ పోయారని వాళ్ల తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీలో పాఠం చెబుతున్నాను. క్లాసు ఆపేసి కాశిబుగ్గలోని వాళ్లింటికి బయలుదేరాను. ఆటో ట్రాఫిక్‌లో చిక్కుకుంటే దిగి నడిచాను.

ఆవిడ ఒకచోట నిలిచే మనిషి కాదు. చాయ్ కూడా నడుస్తూనే తాగేవారు. రిటైరయ్యాకా పాలకుర్తి దారిలోని ఒక గుట్టకు బస్సెక్కి పోతూనే ఉన్నారు, తరచూ నన్నూ వెంటబెట్టుకుని. గుట్ట మీద రాళ్ల మధ్య మోకాలెత్తు నేలరేగు. కింద వానకు పండే చెలక గట్ల మీద పెద్దాకుల రేగు. ఆ రెంటి నడుమ, ఎప్పుడో మొరం తవ్వి వదిలేసిన నేలలో, రెండు పోలికలూ కలిసిన పొదలు.

"రెండు కలిసినయని చెప్పుడు అల్కనే. ఇక్కడ్నే ఎందుకు బతుకుతానయో చెప్పు" అనేవారు.

అది తేల్చడానికే మూడు చోట్ల గింజలూ తెచ్చి డాబా మీద ఒకే మట్టిలో, ఒకే నీళ్లతో పెంచారు. గుట్ట రేగు అక్కడా పొట్టిగానే ఉండిపోయింది. ఎన్ని తరాల ఎండనో గింజ దాకా దిగింది, అన్నారు. నడిమి పొదల మొక్కలు మాత్రం ఏ రెండూ ఒక్కలా రాలేదు. వాటిని గుట్ట మీద నాటితే ఎండాకాలానికే మాడిపోయాయి. చెలకలో పెద్ద రేగు నీడకు కుంగిపోయాయి. మళ్లీ ఆ తవ్విన నేలలోనే నిలిచాయి.

నిరుడు ఆ నేలను ప్లాట్ల కోసం చదును చేశారు. మేం వెళ్లేసరికి ఒక్క పొదా లేదు. ఆ మట్టి ఎక్కడ పోశారని మాత్రమే జేసీబీ డ్రైవరును అడిగారు ఆవిడ. వాగు పక్కన అన్నాడు. అప్పటికప్పుడే అక్కడికి నడిచాం.

"గింజలు ఈ మట్టిలనే ఉంటయి. వానలు పడనియ్యి" అన్నారు కుప్ప చుట్టూ తిరుగుతూ.

వానలు పడేనాటికి దవాఖానలో ఉన్నారు. నేనొక్కణ్నే పోయి చూసొచ్చి, మొలకలు వచ్చాయని చెప్పాను. నడిమి రకంలాగే ఉన్నాయని ఆశగా అన్నాను.

"మొలకే ఇంక ఏం చెప్పలె బిడ్డా. నువ్వెందుకు ముందుగాల చెప్తవు? జర ఆగి చూడు."

ఆ తర్వాత మాట్లాడే ఓపిక ఆవిడకు లేకపోయింది.

ఖబరస్తాన్ వైపు జనాజా సాగిపోయాక నాకు ఇంటికి పోబుద్ధి కాలేదు. బస్సెక్కి వాగు దగ్గరికి వెళ్లాను. మొలకలు జానెడు ఎదిగాయి. కొన్నిటికి చిన్నాకులు, కొన్నిటికి కాస్త వెడల్పు. ఏ రకమో చెప్పలేను. మేకల మంద అటే వస్తుంటే తుమ్మ కంప ఈడ్చుకొచ్చి చుట్టూ అడ్డం వేశాను. చేతులు గీసుకుపోయాయి. ఒక మేక కంప అవతల ఆగి, సందులోంచి ఆ లేతాకుల వైపు మెడ చాచింది.